మీకొక్కలకేనా, అందరికా?

మొన్న ఉదయం పూజ ముగించుకొని, మా వీధికి రాబోయే మురుగు కాలువ ఏ ఇంటి ముందు మలుపు తిరుగుతుందో సరిచూద్దామని ఇంట్లో కంప్యూటర్ తెరిచాను. నీలం నగర్‌లోని మా నేతపనివారి గృహనిర్మాణ సంఘానికి ఇంటర్నెట్‌లో ఒక పటం ఉన్నది. డ్రోన్ పైనుంచి తీసిన ఫోటో మీద మా ఇళ్ళ హద్దులు, నీటి గొట్టాలు, వీధి దీపాలు గీసి ఉంటాయి. ఆ పటం ఒక్కసారిగా రాదు. ముందు తెరనిండా బూడిదరంగు గళ్ళు పరుచుకుంటాయి. తరువాత ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ముక్క వచ్చి కూర్చుంటుంది. ఇక్కడొక రేకుల కప్పు, అక్కడొక నీళ్ళ ట్యాంకు, మధ్యలో ఎక్కడో సగం వేపచెట్టు. వరుసగా రావు. వరుస తప్పి వచ్చేది ఏదైనా నాకు సహించదు. అయినా ఈ గళ్ళు నిండడాన్ని మాత్రం చేతులు కట్టుకొని ఓపికగా చూస్తాను. అట్లా చూడడం నేర్పిన మనిషి ఇప్పుడు ఈ ఊళ్ళో లేదు. మొన్న ఒక గడిలో వచ్చి కూర్చున్న ముక్కను చూసి, నాకు తెలియకుండానే ఆమె మాటను పైకి అన్నాను. ఆ ముక్క ఏమిటో దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

ఆమె పేరు రాయను. పటం అడుగున పేరు వేస్తామని సంఘం వారు అడిగితే వద్దన్న మనిషి. ఆమె వద్దన్న పనిని ఇక్కడ నేను చేయడం మర్యాద కాదు. పటాన్ని మేము నక్ష అంటాము గనుక మా వాళ్ళందరికీ ఆమె నక్ష అక్క. తనకన్నా పెద్దవాళ్ళకు కూడా. బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో తల్లితో కలిసి ఉండేది. తల్లి బీడీలు చుట్టేది. కూతురు పుణెలోని ఒక కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పని చేసేది. విమానాలూ డ్రోన్లూ తీసిన ఫోటోలను ముక్కలుగా కోసి పటాల మీద అతికించడం, ఎక్కడైనా ఒక ముక్క ఉండవలసిన చోట మరొకటి కనబడితే కారణం వెతకడం ఆమె వృత్తి. మా సంఘం పటాన్ని ఆదివారాల్లో చూసిపెట్టేది.

సంఘం కార్యాలయంలో బల్ల ఉన్నది, కుర్చీలున్నాయి. అవి నేను వరుసగా వేయించినవి. ఆమె మాత్రం గడప పక్కన గోడకు ఆనుకొని నేల మీదనే కూర్చునేది. ఒళ్ళో బీడీలు చుట్టే చాట పెట్టుకొని, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకునేది. తల్లి వాడి వాడి అంచు అరిగిన వెదురు చాట అది. తునికాకు వాసన ఇంకా పోలేదు. విద్యావంతురాలు అట్లా కూర్చోవడం చూసేవారికి బాగుండదని మొదటి రోజున కొంచెం కఠినంగానే చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు.

“చాట కిందికెళ్ళి గాలి ఆడ్తది సార్. పెట్టె కాగది. మీ బల్ల మీద వెడితే జరసేపట్ల కుంపటయితది,” అన్నది. ఆ తరువాత, పసిపిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు, ల్యాప్‌టాప్ వీపు మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నది. ఆ అలవాటును ఆమెలో చివరిదాకా చూశాను. పని మధ్యలో మాటిమాటికీ ఆ నుదురు చూసేది.

గళ్ళు నిండుతున్నంతసేపూ ఆమె తెర వైపు చూసేది కాదు. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు చూసేది. ఎవరైనా తొందరపడి మళ్ళీ మళ్ళీ నొక్కబోతే అరచెయ్యి ఎత్తి “థాంబా” అనేది. మరాఠీలో ఆగండని అర్థం. మరాఠీ ఊళ్ళో స్థిరపడ్డ మా మాటల్లో సగం మరాఠీవే కనుక వింతేమీ కాదు. కాని ఆమె నోట ఆ మాట కొత్తగా ధ్వనించేది. ట్రాఫిక్ పోలీసు ఆపినట్టుండేది కాదు. వడ్డిస్తున్న ఇల్లాలు, ఇంకొక్క పదార్థం ఉన్నది, అప్పుడే లేవకండి అన్నట్టుండేది.

ఇక అసలు మాటకు వస్తాను. పటంలో ఏదో తప్పున్నదని ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా ఆమె ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే.

“గిది మీకొక్కలకే కనవడ్తుందా, అందరికా?”

తప్పేమిటో తరువాత. అది ఎవరి కంట పడుతున్నదో ముందు. ఒక్కరికే కనబడితే రోగం ఆ ఒక్కరి ఫోనులో ఉన్నట్టు. అందరికీ కనబడితే మూలంలో ఉన్నట్టు. ఈ విభజన జరగనిదే మందు వేయకూడదని ఆమె నియమం. నియమాలంటే నాకు గౌరవం గనుక ఈ ఒక్క వాక్యంతో ఆమె నాకు ఆప్తురాలైంది.

అయితే ఆ ప్రశ్న పటం దగ్గర ఆగలేదు. ఒకసారి మా వీధి చివరి ఇంటావిడ కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని సంఘం మీదికి యుద్ధానికి వచ్చింది. నక్ష అక్క తల ఎత్తకుండానే ప్రశ్న వేసింది. ఆవిడ పక్కింటికి వెళ్ళి చూసి వచ్చి, తన ట్యాంకే కడిగించుకున్నది. మరొకసారి ఒక అత్తగారు కొత్త కోడలి నడవడి గురించి కార్యాలయం గడపలో నిలబడి ఏకరువు పెడుతున్నది. కోడలు పొద్దెక్కి లేస్తుందట, నవ్వితే వీధి దాకా వినబడుతుందట. అంతా విని నక్ష అక్క అదే ప్రశ్న, అదే గొంతుతో అడిగింది. ఆ అత్తగారు నోరు తెరిచి, కాసేపు ఆలోచించి, “నాకొక్కదానికే గావచ్చు,” అని చెప్పులేసుకొని వెళ్ళిపోయింది. తరువాత ఆమె జోడ్‌భావి పేట్ చుట్టాలింట్లో, ఆ పిల్ల నా నోరు కుట్టేసిందని చెప్పుకొని నవ్వుకున్నదని తెలిసింది.

నన్నూ వదలలేదు. ఒక సర్వసభ్య సమావేశానికి ముందు కుర్చీల వరుస వంకరగా ఉన్నదని నేను కోప్పడుతున్నాను. ఆమె ప్రశ్న వేసింది. ఆమె లేచి వచ్చి, నేను నిలబడిన చోటనే నిలబడి, ఒక కన్ను మూసి చూసింది. గోడ వైపు వెళ్ళి మళ్ళీ చూసింది. “అందరికీ సార్. ఖరే వంకరుంది,” అని తానే వంగి కుర్చీలు సరిచేసింది. నా పక్షాన తీర్పు వచ్చినందుకు కాదు నాకు సంతోషం. చూడకుండా తీర్పు చెప్పలేదు. అందుకు.

ఆమె సంచిలో అద్దం పగిలిన పాత ఫోను ఒకటి ఉండేది. దానితో మాట్లాడడం, ఫోటోలు తీయడం ఏమీ లేదు. దాని పేరు మతిమరుపుది. పటం తెరిచి చూసిన ప్రతిసారీ, చూసినదంతా అందులోంచి తుడిచేసేది. “గీ మతిమరుపుది లేకుంటే నా పని నడవది సార్. మిగిలినవన్నీ యాది పెట్టుకుంటయి. యాది పెట్టుకున్నదే మళ్ళ మళ్ళ సూపెడ్తయి. దీనికి ప్రతిసారి దునియా కొత్తది,” అనేది.

ఫోను ఎందుకు గుర్తు పెట్టుకోవాలి, అడిగినప్పుడల్లా కొత్తది తెచ్చి చూపవచ్చు కదా అని ఒకసారి అడిగాను. ఆమె తల్లి పనినే ఉదాహరణగా చెప్పింది. బీడీలు చుట్టేటప్పుడు ఒక్కొక్క బీడీకి ఒక్కొక్క ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంటే పొద్దు చాలదు. ముందే ఆకులన్నీ కొలతకు కత్తిరించి, తడిబట్టలో చుట్టి పక్కన పెట్టుకుంటారు. చెయ్యి చాచగానే ఆకు దొరుకుతుంది. పటం ముక్కలను కూడా ఫోను అట్లాగే చుట్టి దాచుకుంటుంది. పటం ఉన్న పెద్ద కంప్యూటర్ కూడా, దగ్గరగా చూడడానికి ఒక్కొక్క మెట్టుకూ విడివిడిగా, తన మూట తాను కట్టుకొని ఉంటుంది. “కొత్త ఆకు వచ్చినంక పాత మూట ఇప్పాలె గద సార్? ఇప్పేది యాదిమరిస్తే చేతికి పాత ఆకే వస్తది. ఆకు చెడ్డది గాదు. నిన్నటిది, గంతే.”

ఆ నిన్నటి ఆకు వల్ల మా వీధిలో రెండు కుటుంబాలు విడిపోయేంత పని జరిగింది. దాన్ని చెప్పాలంటే చద్దర్ల దగ్గర మొదలుపెట్టాలి.

డ్రోన్ వచ్చి పైనుంచి ఫోటో తీస్తుందని సంఘం తరఫున చాటించినప్పుడు, మా వాళ్ళకు అందులో ఫోటో అన్న మాట ఒక్కటే వినబడింది. ఫోటోకు ఎవరైనా మాసిన బట్టతో నిలబడతారా? తెల్లవారేసరికి ప్రతి డాబా మీదా, ప్రతి రేకుల కప్పు మీదా తాము నేసిన చద్దర్లు పరిచారు. నెమళ్ళు, పూలకుండలు, చదరంగపు గళ్ళు, ఎరుపు మీద పసుపు, ఆకుపచ్చ మీద తెలుపు. గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు పెట్టారు. మా ఇంటి మీద నెమలి ఎట్లా వచ్చిందని నా భార్యను అడిగితే, అందరిండ్లు పెండ్లిండ్ల లెక్క ఉంటే మనిల్లు బోసిగుంటదా అన్నది. డ్రోన్ వచ్చింది, తీసింది, వెళ్ళింది. ఫోటో కన్నుల పండుగ. పనికి మాత్రం రాదు. ఏది కప్పో ఏది వాకిలో, ఎవరి గోడ ఎక్కడ ముగిసిందో చద్దర్ల కింద ఎవరికి తెలుస్తుంది?

నక్ష అక్క ఆ ఫోటోను పటం మీదికి ఎక్కించి మాకు చూపించింది. “గింత అందమైన తప్పు నా సర్వీసుల సూడలే సార్,” అన్నది. వానలు వెళ్ళాక, చద్దర్లు పరచవద్దని ఇంటింటికీ చెప్పించి, రెండోసారి డ్రోన్‌ను రప్పించాము. ఈసారి ఉత్త కప్పులు వచ్చాయి. పాత ఫోటో తీసి కొత్తది ఎక్కించింది.

ఈ రెండు ఫోటోల మధ్య కాలంలోనే ఆ అన్నదమ్ముల తగవు పుట్టింది.

ఇద్దరివీ ఒకే గోడ పంచుకున్న ఇళ్ళు. పైన డాబా ఒక్కటే. మధ్యలో సున్నంతో గీసిన గీత హద్దు. కింద ఇద్దరి మరమగ్గాలూ ఒకే కార్ఖానాలో ఒకే వరుసలో నడుస్తాయి. పెద్దాయన చద్దర్లు నేస్తాడు, చిన్నాయన తువ్వాళ్ళు. మొదటి డ్రోన్ వచ్చిన రోజున, మగ్గం మీద నేసి ఇంకా విడివిడిగా కోయని చద్దర్ల తానును ఒక కొస అన్న, ఒక కొస తమ్ముడు పట్టుకొని రెండిళ్ళ మీదా పొడుగునా పరిచారు. ఆ తరువాత వానాకాలంలో తమ్ముడు నూలు తడవకుండా డాబా మీద తన వైపున ఒక రేకుల షెడ్డు వేశాడు. అది గీత దాటి తన వైపు వచ్చిందని అన్న. రాలేదని తమ్ముడు. గీతేమో వానకు చెరిగిపోయింది. మాటలు ఆగిపోయాయి. కార్ఖానాను మధ్యలో గోడతో చీల్చేస్తానని అన్న ఇటుకలు తెప్పించి వాకిట్లో పేర్పించాడు. సంఘం అధ్యక్షుడిగా నేను ఇద్దరినీ పిలిచి మాట్లాడితే, చివరికి ఒక్క మాటకు ఒప్పుకున్నారు. పైనుంచి తీసిన కొత్త బొమ్మ ఏది చెబితే అదే. షెడ్డు దాటిందని తేలితే తమ్ముడు విప్పేయాలి. దాటలేదని తేలితే అన్న ఇటుకలు తిప్పి పంపాలి.

ఆ ఆదివారం కార్యాలయంలో సంఘం సభ్యులందరూ ఉన్నారు. నక్ష అక్క తన గడప పక్కనే ఉన్నది. నేను చెప్పకముందే అన్న తన ఫోను తెరిచాడు. చూసి, మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన ఫోనులో షెడ్డే లేదు. డాబా మొత్తాన్ని కప్పుతూ ఆ చద్దర్ల తాను పరచి ఉన్నది.

“జూడుండ్రి సార్. షెడ్డునే మాయం జేపిచ్చిండు,” అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా ఎక్కువ అవమానం ఉన్నది. తమ్ముడు తన ఫోను తెరిచి చూపించాడు. అందులో షెడ్డు స్పష్టంగా ఉన్నది. ఇద్దరూ ఎవరి ఫోను వాళ్ళు ఎత్తి పట్టుకున్నారు. తరువాత అన్న చూపు గడప వైపు తిరిగింది. తమ్ముడి భార్యది విడీ ఘర్కుల్. నక్ష అక్కవాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతలే పుట్టిల్లు. ఆ మాట ఆయన అననే అన్నాడు. మీ వాడకట్టు పిల్ల కోసం నా ఫోనుల ఒక బొమ్మ, వాని ఫోనుల ఒక బొమ్మ వెట్టినవా అని అడిగాడు.

అది ఆమె పని మీద పడ్డ నింద. ఆమె ముఖం ఎర్రబడింది. అరచెయ్యి ల్యాప్‌టాప్ నుదుటి మీద ఆన్చి కాసేపు అట్లాగే ఉంచింది. తరువాత అడిగింది.

“అన్నా, గిది మీకొక్కలకే కనవడ్తుందా, అందరికా?”

అందరికీ ఇదే కనబడుతుందని, తమ్ముడిదే దొంగ బొమ్మ అని ఆయన అన్నాడు. ఆమె సంచిలోంచి మతిమరుపు ఫోను తీసింది.

“అది వద్దు. నీ ఫోను నీ మాటనే ఇంటది,” అన్నాడు.

ఆమె దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేసింది. “బరోబర్. వదినె ఫోనిప్పియ్యుండ్రి. ఆమె ఈ నక్షను ఎన్నడన్న తెరిచిందా?”

అన్న భార్య వెనుక వరుసలో కూర్చుని ఉన్నది. ఆ ఫోనులో ఎన్నడూ పటం తెరవలేదట. చెల్లెలితో మాట్లాడడానికి తప్ప దాన్ని తాకదట. ఆమె చేతనే తెరిపించారు. గళ్ళు పరుచుకున్నాయి, నిండాయి. షెడ్డు ఉన్నది. అన్న తన ఫోను, భార్య ఫోను పక్కపక్కన పెట్టుకొని చూశాడు. ఇంటావిడ ఫోనును ఎవరు మార్చగలరు? నక్ష అక్క ఆయనకు తడిబట్టలో చుట్టిన ఆకుల సంగతి చెప్పింది. చద్దర్లను మొదటి రోజున మురిపెంగా దగ్గరికి లాగి చూసుకున్నాడు గనుక ఆయన ఫోను ఆ ముక్కలను దాచుకున్నదని వివరించింది. ఆయన మెల్లగా కూర్చున్నాడు.

నింద తొలగిపోయింది. ఇక హద్దు సంగతి తీసుకుందామని నేను గొంతు సవరించుకున్నాను. ఆమె అరచెయ్యి ఎత్తింది.

“థాంబా సార్.”

వదినె ఫోనును ఇంకొక మెట్టు దగ్గరికి లాగింది. మళ్ళీ గళ్ళు. ఈసారి నిండిన గళ్ళలో షెడ్డు లేదు. అదే చద్దర్ల తాను, రెండిళ్ళ మీదా పొడుగునా. ఎన్నడూ పటం తెరవని ఫోనులో, అందరి కళ్ళ ముందు.

అన్న ఏదో అనబోయాడు. ఆమే ముందు అన్నది. “గిది అందరికీ. గిది మీ ఫోను తప్పు గాదన్నా, నా తప్పు. ఈ మెట్టు మీద పాత మూట ఇప్పేది మరిచిన.”

ఎవరూ అడగలేదు. ఇంకొక మెట్టు లాగకుండా ఉంటే ఆ పూటకు ఆమె గెలిచినట్టే. నేను ముప్పై ఏళ్ళు బడి నడిపిన వాణ్ణి. పట్టుబడ్డ తరువాత తప్పు ఒప్పుకున్నవాళ్ళను ఎందరినో చూశాను. నిర్దోషిగా నిలబడ్డ మరుక్షణం, తన తప్పును తానే వెతికి బయటపెట్టిన మనిషిని చూడడం అరుదు.

ఆమె చాట ఒళ్ళోకి లాక్కొని పని మొదలుపెట్టింది. ఆ మెట్టులోని ముక్కలన్నీ తీసేసి కొత్త ఫోటో నుంచి మళ్ళీ కోయాలి. కొంతసేపు పడుతుందన్నది. చాయ్ తెప్పించాను. జనం చాటను చుట్టుముట్టి, వంగి నిలబడి, బూడిద గళ్ళు నిండడం చూశారు. ఎవరి కప్పు ముందు వస్తే వాళ్ళు తమ పక్కవాళ్ళను పొడిచారు. ఆమె మాత్రం ఎప్పటిలాగే అన్నదమ్ముల ముఖాలు చూస్తూ కూర్చున్నది. వాళ్ళ డాబా గడి ఆఖరున నిండింది. షెడ్డు వచ్చింది. అన్న ఫోనులోని పాత ముక్కలను కూడా ఆయన చేతనే తుడిపించింది. ఇప్పుడు అన్ని ఫోనుల్లోనూ ఒకటే బొమ్మ.

మరి షెడ్డు హద్దు దాటిందా లేదా? అందరూ అడిగారు. ఆమె బొమ్మను దగ్గరికి, ఇంకా దగ్గరికి లాగింది. రేకు అంచు మసకబారి మచ్చలైపోయింది.

“గంత సన్నం దీంట్ల కనవడది సార్. జానెడు, బెత్తెడు సంగతి ఈ బొమ్మకు తెల్వది. మీదికి వోయి టేపు వెట్టుండ్రి.”

ఇంత చేసి చివరికి ఇదా అని కొందరు గొణిగారు. నాకు మాత్రం ఆ జవాబు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదనడం కూడా ఒక క్రమశిక్షణే.

అందరం ఆ ఇంటికి నడిచాము. వాకిట్లో పేర్చిన ఇటుకలను తప్పుకుంటూ డాబా ఎక్కాము. టేపు ఒక కొస అన్న పట్టుకున్నాడు. రెండో కొస ఎవరు పట్టుకోవాలో చెప్పనవసరం లేకపోయింది. తమ్ముడు వెళ్ళి పట్టుకున్నాడు. కింద పునాది రాళ్ళ గుర్తులను బట్టి హద్దు తేల్చాము. షెడ్డు గోడ తమ్ముడి వైపే ఉన్నది. పైన రేకు చూరు మాత్రం అన్న వైపు నాలుగు వేళ్ళ మేర తొంగి చూస్తున్నది.

తమ్ముడు తల వంచుకున్నాడు. రేకు కోసేస్తాను అన్నా, అని చెప్పాడు. నేను నియమం ప్రకారం అన్న వైపు తిరిగి, చూరు దాటిన సంగతి సంఘం తీర్మానంలో రాయమంటారా అని అడిగాను. ఆయన వంగి రేకు అంచు కింద చెయ్యి పెట్టి చూశాడు. తరువాత మెట్ల దగ్గర నిలబడి ఉన్న నక్ష అక్క వైపు చూశాడు.

“రాయకుండ్రి సార్. అది నాకొక్కనికే కనవడ్తది,” అన్నాడు.

తమ్ముడు ఏమీ దాచలేదని తేలింది. ఆయనకు కావలసింది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు వేళ్ళ రేకు ఆయనకు ఏనాడూ లెక్కలోది కాదు. ఇటుకలు వెనక్కి వెళ్ళలేదు. అన్నదమ్ములిద్దరూ వాటితో కార్ఖానా ముందు అరుగు కట్టించుకున్నారు. మగ్గాలు ఆపి చాయ్ తాగే వేళ ఇద్దరూ దాని మీదనే కూర్చుంటారు.

ఆ రోజు తిరిగి వస్తూ, ఆ ఇంకొక మెట్టు ఎందుకు లాగావమ్మా అని ఆమెను అడిగాను. పెద్ద మాటేదైనా చెబుతుందేమోనని ఎదురుచూశాను. ఆమె చాటను చంకకు సర్దుకుంటూ మామూలుగా అన్నది. “నేను లాగకుంటే ఆయన ఇంటికి వోయి లాగేటోడు సార్. అప్పుడు పక్కన మీరుండరు, నేనుండ. ఉత్త కోపం ఒక్కటే ఉంటది.”

తరువాత కంపెనీ వాళ్ళు ఆమెను పెద్ద పని ఇచ్చి పుణెకు పిలిచారు. వెళ్ళేముందు పటం నిర్వహణ ఎట్లాగో సంఘం గుమాస్తాకు నేర్పింది. నాకు ఒక్కటే నేర్పింది. మన కంప్యూటర్ దాచుకున్న పాత ముక్కలు పోవాలంటే ఏ రెండు మీటలు కలిపి నొక్కాలో చూపించింది. తల్లి కూడా వెంట వెళ్ళింది. రిక్షాలో సామాను మీద కూర్చుని, అక్కడ ఆకు దొరుకుతుందో లేదో, చేతులకు పని లేకపోతే తనకు తోచదని ఆవిడ బెంగ. చాటను మాత్రం ఒళ్ళోనే పెట్టుకున్నది. అది తల్లి పనికో కూతురి పనికో నేను అడగలేదు. ఈ మధ్య ఫోను చేసినప్పుడు, అక్కడి ఆఫీసులో అందరికీ పెద్ద పెద్ద బల్లలున్నాయని, తాను మాత్రం మధ్యాహ్నం దాటాక కిటికీ పక్కన నేల మీదికి దిగుతానని చెప్పింది. మేనేజరు ఏమీ అనడా అంటే, “ఆయనకొక్కనికే కనవడ్తది సార్,” అని నవ్వింది.

ఇప్పుడు మొన్నటి ముక్క సంగతి.

మురుగు కాలువ కోసం తెరిచిన పటాన్ని మలుపు దగ్గర ఇంకా ఇంకా దగ్గరికి లాగాను. ఇంట్లోని ఈ కంప్యూటర్‌లో ఆ చోటును అంత దగ్గరగా నేను చూసింది ఒక్కసారే, మొదటి డ్రోన్ ఫోటో వచ్చిన కొత్తలో. గళ్ళు నిండాయి. అన్నదమ్ముల డాబా మీద షెడ్డు లేదు. చద్దర్ల తాను ఉన్నది. కోయని తాను, రెండిళ్ళ మీదా పొడుగునా, అంచుల మీద ఇటుకలతో.

“మీకొక్కలకేనా, అందరికా?” అని పైకే అన్నాను.

నా భార్య వంటింట్లోంచి ఏందంటున్నరు అని వచ్చింది. ఆమె ఫోనులో పటం తెరిపించాను. షెడ్డు ఉన్నది. గుమాస్తాకు ఫోను చేసి కార్యాలయంలో చూడమన్నాను. షెడ్డే ఉన్నదన్నాడు. అంటే పటంలో దోషం లేదు. నక్ష అక్క పని సక్రమంగానే ఉన్నది. పాతది ఉన్నది నా పెట్టెలోనే.

“ఎంత మంచిగున్నయి చద్దర్లు,” అన్నది నా భార్య, నా భుజం మీదుగా చూస్తూ. “ఇవి అందరికి కనవడ్తలేవా?”

“లేదు. మనకే.”

ఆమె కాసేపు నిలబడి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏ రెండు మీటలు కలిపి నొక్కాలో నాకు తెలుసు. కాలువ మలుపును కాగితం మీద గుర్తు వేసుకున్నాను, కంప్యూటర్ ఆపేశాను, కుర్చీని బల్ల కిందికి తిన్నగా నెట్టి లేచాను.